నూనె లేని పోపు

జగ్గారావు పప్పుగిన్నె విసిరికొట్టిన చప్పుడు మా వంటింట్లోకి బాగా వినిపించింది. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక గోడ. పైన పొగ పోవడానికి వదిలిన కన్నాలు రెండిళ్ళకూ ఉమ్మడి. బెంగాల్లోని రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరస అంతా అలాగే కట్టారు. వాళ్ళింట్లో చేపలు వేగితే మాకు తెలిసేది. మా ఇంట్లో ఎవరైనా దగ్గితే వాళ్ళకు తెలిసేది.

గిన్నె దొర్లి దొర్లి ఆగింది. తరువాత జగ్గారావు గొంతు.

"నా సావుకూడు నాకే ఎడతన్నావేటే?"

కాసేపటికి అతని భార్య అప్పలనర్సమ్మ ఊడుస్తున్న చీపురు చప్పుడు వినిపించింది.

అవి అరవై ఆరో సంవత్సరం దసరా సెలవులు. నేను పనిచేసే రైల్వే బడి నెల్లాళ్ళు మూసేశారు. తెలుగూ చరిత్రా చెప్పేవాణ్ణి. బడి లేకపోతే నాకు చేయడానికి ఏమీ ఉండేది కాదు. పొద్దున్న ఒకసారి వండుకుని రెండు పూటలా అదే తినేవాణ్ణి. మిగిలిన వేళ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాణ్ణి. దిగులుగా ఉండేవాణ్ణని చెప్పలేను. దిగులుకు కూడా కొంత ఓపిక కావాలి.

ఆ మధ్యాహ్నం అప్పలనర్సమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు. మా ఆవిడ రాజ్యలక్ష్మి ఉన్నప్పుడైతే "అప్పా" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చేసేది. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచీ గుమ్మం దగ్గరే ఆగుతుంది.

"మాస్టారుబాబూ, ఇన్నావు గదా?"

"విన్నానమ్మా."

"ఆరు రోజులైనాది, మెతుకు ముట్టి. డాక్టరుబాబు నిన్న సూసి ఏటన్నాడో తెలుసా? వారం రోజుల్లో కడుపులోకి సరైన తిండి పోకపోతే ఇక నా సేతిలో నేదన్నాడు. నూనె సుక్క తగల్డానికి నేదు, నెయ్యి నేదు, పాలు నేవు, సేప నేదు. సరే అనీసి పప్పు ఉడకేసి ఎడితే ఇదీ సంగతి."

జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో కమ్మరి. ఇరవై రెండేళ్ళుగా కాలిన ఇనుము మీద సుత్తి వేస్తున్నవాడు. మనిషి తలుపు నిండా ఉండేవాడు. దసరాకు ముందు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాడు.

"పైగా నిన్న తలగడ కింద నూనె కాయితం దొరికినాది బాబూ. ఎవుడో బజార్లో తెలేభాజా బజ్జీలు తెచ్చిచ్చినాడు. తిని రాత్రంతా వాంతి." ఆవిడ పైటతో మొహం తుడుచుకుంది. "అప్పకి నువ్వు ఏడునెల్లు అలాటి కూడే వండి ఎట్టినావు. అప్ప పేచీ ఎట్టకుండా తినేది. అదెలాగో నాకూ సెప్పు."

ఆ వంటతో రాజ్యలక్ష్మి బతకలేదన్న సంగతి అప్పలనర్సమ్మకు తెలియనిది కాదు. అయినా అడిగింది. అంటే ఆవిడకు ఇక అడగడానికి మరో ఇల్లు లేదు.

"రేపు నేను వండి తెస్తాను," అన్నాను.

రాజ్యలక్ష్మికి కాలేయం జబ్బు. డాక్టరు రాసిచ్చిన కాగితం అప్పట్లో వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించాను. అది ఇంకా అక్కడే ఉంది. ఆ కాగితం చూసే నేను వంట నేర్చుకున్నాను. ఆవిడ మంచం మీదనుంచి చెప్పేది, నేను చేసేవాణ్ణి. కందిపప్పు కంటే పెసరపప్పు తేలిక. ఆనపకాయ ముక్కలు నీళ్ళు పోయకుండా మూతపెట్టి సన్నసెగ మీద ఉంచితే వాటి నీళ్ళతోనే ఉడుకుతాయి. పొటల్ అని ఇక్కడ దొరికే దొండలాంటి కాయల్లో గింజలు తీసి ఆవిరికి పెట్టాలి. పచ్చిబొప్పాయి దించే ముందు అల్లం వేయాలి, ముందు వేస్తే చేదెక్కుతుంది. ఉప్పు చివర్లో వేస్తే తక్కువ పడుతుంది. నిమ్మకాయ పొయ్యి దించాకే పిండాలి.

ఆవిడ పోయాక పదకొండు రోజులూ బంధువులు వండారు. చావు జరిగిన ఇంట్లో పోపు పెట్టకూడదు గనుక వాళ్ళు కూడా ఉడకేసిన పప్పే పెట్టారు. పన్నెండోనాడు అందరూ బొబ్బిలి బండి ఎక్కారు. మర్నాడు నేను అలవాటు ప్రకారం పెసరపప్పు కడిగాను. ఇక నూనె వాడవచ్చునని ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు. అలా ఏడాదిన్నర గడిచింది.

మర్నాడు పొద్దున్నే గోల్ బజారుకు వెళ్ళాను. కూరలమ్మే బెంగాలీ దాదా నా చేతిలో లేత ఆనపకాయ పెట్టి, గోటితో గిచ్చి చూపించాడు. గోరు దిగింది. రేషను బియ్యంలో రాళ్ళు ఏరాను. పెసరపప్పు దోరగా వేయించి, ఆనపకాయ ముక్కలతో ఉడికించి, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండి పట్టుకెళ్ళాను.

జగ్గారావు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు పసుపు నీళ్ళలో నానేసినట్టున్నాయి. చేతులు మాత్రం ఇంకా కమ్మరి చేతులే.

"రా మాస్టారూ. కూకో. ఏటి తెచ్చినావు?"

"ఆనపకాయ పప్పు."

గిన్నెలోకి చూశాడు. "పసుపేసినావు."

"కాస్త."

"కళ్ళు పసుపు, ఒళ్ళు పసుపు, పప్పూ పసుపే. నన్నేటి పెళ్ళికూతుర్ని సేస్తారా మీరంతా?"

అప్పలనర్సమ్మ పక్కకు తిరిగి నవ్వింది. నేనూ నవ్వబోయాను. అతను గిన్నె మళ్ళీ చూసి నా వైపు జరిపాడు.

"దీనికి పోపు నేదు."

"నూనె వద్దన్నాడు కదా డాక్టరు."

"డాక్టరు బెంగాలీబాబు. మన సావులు ఆయనకేటి తెలుసు? పోపు నేని పప్పు ఎప్పుడు తింతాం మాస్టారూ? మా అమ్మ పోయినప్పుడు తిన్నాను. మా తమ్ముడు ఇంజన్ల షెడ్డులో పోయినప్పుడు తిన్నాను. మీ ఇంట్లో అమ్మగారు పోయినప్పుడు నీ పక్కన కూకుని తిన్నాను. ఇప్పుడు బతికుండగానే నాకెట్టమంటే నానెలాగ తింతాను? మింగినా దిగదు. గొంతుక్కే తెలిసిపోతాది."

నేను చదువుకున్నవాణ్ణి. అది మూఢనమ్మకమని చెప్పవచ్చు. కాని అతను పేచీ పెట్టడం లేదు. నిజంగానే దిగడం లేదు. నేను ఒక ముద్ద అన్నం కలిపి ఇచ్చాను. అతను మర్యాదకు నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉంచుకుని, లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాడు.

"ఏటనుకోకు మాస్టారూ," అన్నాడు వచ్చి.

ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడ్డాను. మేకుకు కాగితం, దాని పక్క మేకుకు పోపుగరిటె. ఇనప గరిటె, రాజ్యలక్ష్మి పుట్టింటినుంచి తెచ్చుకున్నది. రెండేళ్ళకు పైగా ఎవరూ ముట్టలేదు. తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

దాన్ని చూస్తుంటే ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఆవిడ అప్పటికి మంచం దిగడం మానేసింది. ముందుగదిలోంచి పిలిచి, "ఒక్కసారి పోపు పెట్టండి," అంది. "నాకు పెట్టొద్దు. పక్కన పారబోయండి. చప్పుడు వింటాను, చాలు."

నేను వంటింట్లోకి వెళ్ళి కాగితం తెచ్చి చదివి వినిపించాను. నూనె ఆవిరి కూడా వికారం చేస్తుందని అందులో ఉంది. ఆవిడ అంతా విని, "సరే లెండి," అంది. మళ్ళీ అడగలేదు.

గరిటె దించాను. చింతపండూ బూడిదా వేసి తోమాను. నల్లటి ఇనుము బయటపడింది. పెరట్లో కరివేపాకు రెబ్బ తుంచాను. బొగ్గుల పొయ్యి మీద గరిటె పెట్టి, నూనె లేకుండా, ఉత్త ఆవాలు వేశాను. కాసేపు ఏమీ కాలేదు. తరువాత ఒక ఆవగింజ ఎగిరి నా చొక్కా మీద పడింది. ఇంకొకటి. అన్నీ చిటపటమన్నాయి. జీలకర్ర వేశాను, కరివేపాకు వేశాను. గరిటెను అలాగే పప్పులో ముంచాను.

సుయ్‌మని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

గోడ అవతలనుంచి గొంతు వినిపించింది.

"గరిటి కాల్నేదు!"

గరిటె పప్పులోంచి పైకి తీశాను.

"మాస్టారూ! ఇంతన్నావా? ఇనుం కాల్నేదు. పచ్చి ఇనుం నీళ్ళల్లో ముంచినట్టు ఏటా సప్పుడు?"

"ఎంత కాలాలి?" అని అడిగాను, కన్నం వైపు మొహం ఎత్తి.

"ముందు గరిటి ఒక్కటే కాల్సు. సింతనిప్పు రంగు రావాల. తెల్లగా కాల్సకు, గరిటి సెడిపోతాది. రంగొచ్చినాక పొయ్యి మీంచి తీసి అప్పుడు దినుసెయ్యి. తిప్పు. నల్లబడకముందే ముంచు. కంగారు పడకు, అలాగని ఆలస్యమూ సెయ్యకు."

ఆరు రోజుల్లో అతను అంత హుషారుగా మాట్లాడలేదని అప్పలనర్సమ్మ తరువాత చెప్పింది.

విసనకర్ర తీసుకుని బొగ్గులు రాజేశాను. గరిటె అడుగు నెమ్మదిగా రంగు మారింది. ముదురు ఎరుపు, తరువాత చింతనిప్పు. తీశాను. ఆవాలు పడీ పడగానే పేలాయి. జీలకర్ర, కరివేపాకు. ముంచాను.

చుర్రుమంది. పప్పు గిన్నెలో లేచి కుతకుతలాడింది. చప్పుడు గోడకు తగిలి, కన్నాల్లోంచి అటు వెళ్ళింది. కాల్చిన ఆవాల వాసన ఇల్లంతా కమ్ముకుంది.

దూరంగా పూజా మండపంలో డప్పులు కొడుతున్నారు.

"అద్గదీ," అన్నాడు జగ్గారావు చివరికి.

కాసేపటికి అప్పలనర్సమ్మ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. వంటింట్లోకి వచ్చేసింది.

"బాబూ, గిన్నె అట్టుకు రమ్మన్నాడు."

నేనూ వెళ్ళాను. అతను పప్పు కలుపుకున్నాడు. ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"నూనేసినావా?"

అబద్ధం చెబితే తింటాడేమో అనిపించింది. కాని ఇరవై రెండేళ్ళు ఇనుముతో బతికిన మనిషికి ఇనుము గురించి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"చుక్క లేదు. ఉత్త గరిటె."

అతను ఆలోచించాడు.

"సప్పుడొచ్చినాది గదా," అన్నాడు. "సప్పుడొచ్చిందంటే పోపే. సావింట్లో సప్పుడుండదు."

ముద్ద మింగాడు. ఇంకొకటి కలిపాడు. ఐదు ముద్దలు లెక్కపెట్టాను. ఆరోదానికి ఆయాసపడి ఆపేశాడు. వాంతి కాలేదు. అప్పలనర్సమ్మ గిన్నె కడిగి తెచ్చిచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని అందులో రెండు నిమ్మకాయలు వేసింది.

ఆ నిమ్మకాయలు చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చి కూర్చున్నాను. గరిటె కాలడానికి పది నిమిషాలు పట్టింది. నూనె అక్కర్లేకపోయింది. రాజ్యలక్ష్మి అడిగింది చప్పుడే. గరిటె మేకుకే ఉంది, ఆవాలు డబ్బాలోనే ఉన్నాయి. నాకు తోచలేదు. నేను కాగితం చదివాను.

ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

సెలవులన్నాళ్ళూ రోజూ పదకొండింటికి వండాను. ఒకరోజు బొప్పాయి, ఒకరోజు పొటల్, ఒకరోజు బొబ్బర్లు మెత్తగా ఉడికించి. చోడి అంబలి, అదే రాగి జావ, తాగించాను. గోడ అవతలనుంచి రోజూ తీర్పు వచ్చేది. "ఈయేల బాగుంది." "ఈయేల కంగారు పడినావు." "ఆవాలు పాతవి, ఎగర్నేదు." డాక్టరు చెప్పిన వారం గడిచింది. అతని గోళ్ళు ముందు తెల్లబడ్డాయి, కళ్ళు తరువాత. కాళీపూజ వెళ్ళిన నాలుగోనాడు డ్యూటీకి వెళ్ళవచ్చునన్నారు. చెంచాడు నూనె వాడుకోవచ్చునన్నారు.

మర్నాడు పొద్దున్న వాళ్ళింట్లో నూనె పోపు పడింది. వాసన కన్నాల్లోంచి వచ్చింది. ఇక నేను వండి పంపనక్కర్లేదు. నాకొక్కడికి పిడికెడు పెసరపప్పు ఉడకేసుకున్నాను. గరిటె మేకుకు తగిలించాను.

సందులో సైకిలు గంట మోగింది. జగ్గారావు వదులైపోయిన ఖాకీ చొక్కాలో, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు.

"మాస్టారూ! ఈయేల నీ పోపు ఇనబళ్ళేదేటి?"

"నా ఒక్కడికేం పోపులే, జగ్గారావ్."

"నువ్వొక్కడివీ మనిసివి కాదేటి? గోడవతల సప్పుడు నేకపోతే నాకు బయ్యం. ఎట్టు. ఇనీసి ఎల్తాను."

"సైరను కూసేస్తుంది. లేటవుతావు."

"లేటైతే నీ పేరే సెప్తాను."

మాకు రెండోవైపు క్వార్టరు నూకరాజు, అతనూ డ్యూటీకి వెళుతూ, సైకిలు ఆపి ఏమిటన్నట్టు చూశాడు. "మాస్టారు పోపెడతన్నారు," అన్నాడు జగ్గారావు, అదేదో ఇంజను పరీక్ష అయినట్టు.

లోపలికి వచ్చి గరిటె పొయ్యి మీద పెట్టాను. ఇద్దరు మనుషులు బయట కాచుకుని ఉన్నారని తొందరపడ్డాను. ముంచితే సుయ్‌మంది.

"కాల్నేదు!" అని బయటనుంచి అరిచాడు. సైరను కూసింది. రెండు సైకిళ్ళూ సందు దాటిపోయాయి.

గరిటె తుడిచి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఈసారి తొందరేమీ లేదు. చింతనిప్పు రంగు వచ్చేదాకా నిలబడ్డాను. ముంచాను. చుర్రుమన్న చప్పుడు వంటింటి గుమ్మం దాటి, ముందుగదిలో రాజ్యలక్ష్మి మంచం ఉన్న చోటుదాకా వెళ్ళి ఉంటుంది. ఆగేదాకా విన్నాను.

తరువాత కంచం పెట్టుకున్నాను. అన్నం ఇంకా వేడిగానే ఉంది. తిన్నాను.