సుహాసిని అప్పగింత

నేను ఒక తెరచాప పడవను. ఇలా చెప్పుకోవడానికి ఈమధ్య మొహమాటంగా ఉంటోంది, ఒంటికి నీళ్ళు తగిలి మూడేళ్ళయింది మరి. అయినా పుట్టుక అబద్ధం కాదు కదా. తాళ్ళరేవులో మద్ది పలకలతో నన్ను కట్టారు. పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం పూసి, ఐదు నెలలు నా చుట్టూ తిరిగారు. ఆ శ్రద్ధంతా తలుచుకుంటే ఇప్పుడు నాకు నీరసం వస్తుంది.

నన్ను కట్టించుకున్నది విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు సోమశేఖరంగారు. ఏదో క్యాలెండరులో తెల్లటి తెరచాప చూసి మనసు పారేసుకున్నారట. తన ఆసుపత్రి పేరే నాకూ పెట్టారు, సుహాసిని అని. భీమిలిలో మొదటి రోజు ఎక్కి, ఇంకా ఏరు సముద్రంలో కలిసే మొగ దాటకముందే, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ ఏటికే సమర్పించుకున్నారు. మళ్ళీ ఎక్కితే ఒట్టు. ఆదివారాలు ఒడ్డున కుర్చీ వేయించుకుని, స్నేహితులకు "అదిగో, నా పడవ" అని చూపించేవారు. ఒక వస్తువు తమదని చెప్పుకోవడానికి మనుషులు దాన్ని ముట్టుకోనక్కర్లేదని అప్పుడే తెలిసింది.

నన్ను ముట్టుకున్నవాడు మైలపల్లి నూకన్న. జాలరిపేట సరంగు, డాక్టరుగారి దగ్గర జీతానికి కుదిరి పద్నాలుగేళ్ళు నన్ను నడిపాడు. తెరచాప చిరిగితే కుట్టాడు. అడుగున పట్టిన గుల్లలు గీకాడు. ఎవరైనా "పడవ నీదేనా?" అని అడిగితే మాత్రం, చేతిలో పని ఆపి మరీ "కాదండి, డాట్రుబాబుది" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారి అబద్ధమాడితే ఇతని సొమ్మేం పోయింది అనుకునేదాన్ని.

డెబ్బయ్యో పడిలో పడ్డాక డాక్టరుగారు నన్ను ఉప్పాడ దగ్గర ఒక హోటలుకు అమ్మేశారు. యాత్రికులను ఎక్కించుకుని తిప్పుతారని నూకన్నకు చెప్పారు. తీసుకెళ్ళి అప్పగించే పని కూడా అతనికే పురమాయించి, మందుల చీటీ మీద ఉత్తరం రాసిచ్చారు. పైన పన్ను బొమ్మ, కింద సంతకం.

ఉత్తరంతో నూకన్నకు తృప్తి కలగలేదు. పడవ చేతులు మారడానికి వాళ్ళ పేటలో ఒక పద్ధతి ఉంది. అమ్మినవాడు చుక్కాని పిడి ఊడదీసి, "ఇది నా పడవ, ఇక నీ పడవ" అంటూ అందించాలి. కొన్నవాడు రెండు చేతులా అందుకోవాలి. అందుకునేదాకా, కాగితాలు ఎన్నున్నా, పడవ ఆ మాట అన్నవాడిదే. సొంతదారు అనాల్సిన మాట తన నోట రావడం నూకన్నకు నచ్చలేదు.

"తవరే రావాల బాబూ. బస్సులో వచ్చి ఒడ్డు మీద నిలబడినా సాలు," అని బతిమాలాడు.

డాక్టరుగారు నవ్వేశారు. "నువ్వే అనెయ్ నూకన్నా. ఎవరంటే ఏముంది?"

డిసెంబరు నెల, ఈశాన్యపు గాలి. కొత్త గుడ్డతో తెరచాప కుట్టి, సందులన్నీ మళ్ళీ పత్తితో బిగించి నన్ను బయల్దేరదీశాడు. రాత్రిళ్ళు పూడిమడకలో ఒకటి, పెంటకోటలో ఒకటి ఆగుతూ మూడు పగళ్ళు సాగాం. కొత్తవాళ్ళ దగ్గర మొండికెయ్యకని, చిన్నపిల్లలు ఎక్కితే ఎక్కువ ఊగకని దారి పొడవునా నాకు బుద్ధులు చెప్పాడు. అత్తారింటికి పంపుతున్నట్టే. ఆ మూడు రోజులూ నేను సుఖపడ్డాను.

ఉప్పాడ ఒడ్డున ఒక సిమెంటు అరుగు కనిపించింది, దాని పక్కన రంపం పట్టుకుని ఒక వడ్రంగి ఉన్నాడు. హోటలు మేనేజరు ఉత్సాహంగా వివరించాడు. అరుగు మీద నేను కుదురుగా కూర్చోవాలంటే అడుగు దూలం కోసెయ్యాలి. లోపల ఐస్‌క్రీము కొట్టు పెడతారు.

నూకన్న డాక్టరుగారికి ఫోను చేశాడు. వాళ్ళు కొనుక్కున్నారు, వాళ్ళిష్టం, ఆ మాటేదో అనేసి వచ్చెయ్యమన్నారు ఆయన. ఫోను జేబులో పెట్టుకుని నూకన్న చాలాసేపు సముద్రం వైపు చూశాడు. నన్ను వెనక్కి తిప్పేస్తాడేమోనని ఎంత ఆశపడ్డానో. తిప్పలేదు. తనది కాని పడవను ఎలా తిప్పుతాడు?

చుక్కాని పిడి ఊడదీశాడు. తువ్వాలుతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని మేనేజరు ఎదుట నిలబడ్డాడు.

"ఇది నా పడవ," అన్నాడు. పిడిని ముందుకు చాచాడు. "ఇక మీ పడవ."

మేనేజరు అరుగుకు టేపు పెట్టి కొలుస్తున్నాడు. "ఆ కర్ర మాకెందుకు పెద్దాయనా, నువ్వే ఉంచుకో," అన్నాడు తలెత్తకుండా. ఉత్తరం మాత్రం అడిగి తీసుకున్నాడు.

చాచిన చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత నూకన్న పిడిని చంకలో పెట్టుకుని రోడ్డు వైపు నడిచాడు. వడ్రంగి నా పలకలు నిమిరి చూస్తూ, ఇంత చక్కగా చూసుకున్నారు, ఎవరిదీ పడవ అని అడిగాడు.

నూకన్న ఆగాడు. "నాదేనండి," అన్నాడు. బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాలో మూడు రకాల ఐస్‌క్రీము దొరుకుతుంది. జనం నన్ను ఆనుకుని ఫొటోలు దిగుతారు. ఇరవై గజాల దూరంలో సముద్రం రోజంతా చప్పుడు చేస్తూనే ఉంటుంది. వినీ వినీ అలిసిపోయాను. నేను హోటలువాళ్ళ పడవనని కాగితాలంటాయి. పిడిని మాత్రం ఎవరూ అందుకోలేదు. నూకన్న అబద్ధమాడే మనిషి కాదు.