మండె మీద చెయ్యి

"మండె దిక్కు రాకు. నీ చెయ్యి తగిల్తే మొలక రాదు."

మా అత్త దుర్గమ్మ ఏటా అనే మాటే. అలాగని నాకు పని తప్పేది కాదు. విత్తనపు వడ్లు చెరిగేది నేను, తాలు ఏరేది నేను, నానబోయడానికి నీళ్లు మోసేది నేను. నానినవాటిని గోనెసంచిలో కట్టి, పైన రాళ్లెత్తి మండె వేసేటప్పుడు మాత్రం పిల్లల తల్లి చెయ్యి కావాలి. పెళ్లయి ఎనిమిదేళ్లయినా నాకు కడుపు పండలేదు. అందుకని కొట్టం దగ్గరే నిలబడేదాన్ని.

ఈసారి మూడోనాడు సంచి విప్పితే ఒక్క మొలక లేదు. ముక్కిన వాసన. యుద్ధం పేరుతో సర్కారు లెవీ కింద వడ్లు పట్టుకుపోగా మాకు మిగిలిన విత్తనం అదే. "దీని నీడ వడ్డది," అంది అత్త. నా భర్త ఓదెలు తల దించుకున్నాడు. కోతలప్పుడు వడ్లు ఆరలేదని నేనంటే, "నీకేం ఎరుక, నోర్ముయ్" అని పచ్చివే గాదెలో పోసింది ఆయనే. గుర్తుండీ నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే ఆయనకు రెండో పెళ్లి మాట ఖాయం చేశారు. కౌకూర్ పిల్ల. తండ్రి లేడట.

పొరుగింటి సాలేహాను అడిగి చారెడు విత్తనపు వడ్లు తెచ్చాను. మా గాదెలో అడుగున మిగిలినవి ఒక చారెడు తీశాను. పాతచీర చింపి, నా చేత్తోనే రెండు వేర్వేరు మూటలు కట్టి, ఒకే కుండ నీళ్లలో నానబెట్టి గడ్డిలో దాచాను. ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. సాలేహా వడ్లు కూడా మొలవకపోతే? అత్త మాట అప్పటికే నేను సగం నమ్మేశాను.

విప్పి చూస్తే సాలేహా వడ్ల నిండా తెల్లటి మొలకలు. మావి కుళ్లాయి. మొలకల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏడ్చాను.

రెండు మూటలూ అత్త ముందు పెట్టాను. "రెండూ నేను కట్టినయే అత్తా. నీళ్లొక్కటే, చెయ్యొక్కటే."

అత్త మా గింజను గోటితో చిదిమి చూసింది. నన్ను ఎన్ని మాటలన్నా గింజ దగ్గర ఆమె అబద్ధమాడదు. "విత్తనంలనే జీవం లేదు. నీళ్లేం జేస్తయి, చెయ్యేం జేస్తది," అంది.

పక్కనే కూర్చున్న ఓదెలు లేచి బయటికి పోయాడు.

"గీ మాట కౌకూర్ పిల్లకు జెప్పొస్త," అన్నాను.

"ఏం మాట?"

"నువ్వన్న మాటే అత్తా. పెండ్లిగాక ముందే ఇనాలె గద."

తెల్లారగానే రెండు మూటలూ కొంగున కట్టుకుని కౌకూర్ దారి పట్టాను.