ఓబన్న పోగు

మా అన్న శేషగిరి మగ్గం అమ్మేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

"పొద్దు తిరిగేలోపు కొన్నోళ్లొచ్చి విప్పుకపోతారు" అన్నాడు పళ్లు తోముకుంటూ. ఆ బ్రష్షు విరిచి వాడి మొహాన కొట్టాలనిపించింది.

మాది జమ్మలమడుగు. గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం మాది. నిలువు పోగుల పడుగు అయిపోవస్తుంటే పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. గండికోటలో సిపాయిలకు తలపాగాలు నేసిన కాలం నుంచీ మా ఇంటి పోగు తెగలేదు. ఆ కాలపు నేతగాడు ఓబన్న. ఇప్పటికీ పడుగు బిగువుగా ఉన్నంతసేపూ నా ఎదురుగా కూర్చుని ఉంటాడు. వదులైతే పలచబడతాడు, తెగితే ఇక లేడు. అమ్మ బతికున్నప్పుడు అతనికీ ఒక సంగటి ముద్ద పెట్టేది. అన్నకూ అన్నీ తెలుసు. తెలిసే అమ్మాడు.

"ఊరంతా నవ్వుతాండారు రా. మగోనితో ఏంది నీకు?"

"నవ్వనీ! వాడంటే నాకు పానం. నీకేంది నొప్పి?"

అన్న తుపుక్కున ఉమ్మేసి లోపలికి పోయాడు.

పోగులు దూర్చిన దువ్వెనలాంటి అచ్చుతో సహా పడుగు ముక్కను విప్పి, తువ్వాలలో చుట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఓబన్న గొంతు మాత్రమే ఉంది.

"దత్తప్పా, నా చేతులు నాకే కనపడల్యా."

"ఓర్చుకో సామీ. కమాల్ మామ ఇంట్లో మగ్గం ఉంది."

ఎక్కడుంది నా మొహం! మాతో పాటు నేత నేసి, ఓబన్న సంగతి తెలిసిన కమాల్ బాషా మామ ఇంట్లో మగ్గం గుంట మీద సిమెంటు పోసి, దాని మీద మంచం వేసుకున్నారు.

"అందరి మాదిరే నేనూ పూడ్చేసినా. ఫోన్ చేసి రావొచ్చు గదప్పా" అన్నాడు మామ.

గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

మామ నన్ను లోపలికి తీసుకుపోయి పడుగు ఒక కొసను కిటికీ కమ్మీకి కట్టాడు. రెండో కొసను నా నడుముకు బిగించాడు. "ఎనక్కి వాలి కూచో. నేను మైలవరం పక్క మగ్గం ఏమన్నా ఉందేమో చూసొస్తా" అని బండి తీశాడు.

వెనక్కి వాలాను. పోగులు బిగుసుకున్నాయి. కిటికీ కింద ఓబన్న వచ్చాడు. ముందు మోకాళ్లు, తర్వాత భుజాలు, ఆ తర్వాత నవ్వు. నా నడుము కోసుకుపోతున్నా అలాగే ఉన్నాను.

ఎండ కిటికీ దిగుతుండగా మామ ఫోన్ చేశాడు.

"యాడా ల్యా దత్తా. ఊరూరా విప్పేసినారు."

ఫోన్ పక్కన పెట్టాను. ఇంకొంచెం వెనక్కి వాలాను. ఎంతసేపు ఉండగలను? మనిషిని, మగ్గాన్ని కాదు గదా.

"శానా అలిసిపోయినావు" అన్నాడు ఓబన్న.

"నోర్ముయ్. నిన్ను పోనియ్యను."

"ఇన్నేండ్లు ఎదురుబొదురు కూచున్నాం. ఒక్కతూరి కూడా ముట్టుకోల్యా నువ్వు."

నిజమే. ఎప్పుడూ మధ్యలో పడుగే ఉంది. ఇప్పుడు జానెడు ముందుకు వంగితే అందుతాడు. వంగితే పోగు వదులైపోతుంది.

ఓబన్న చెయ్యి చాపాడు.

దేవుడనేవాడుంటే వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి తిట్టి, వంగాను.

అతని అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. గట్టిగా పట్టుకున్నాను. నడుం దగ్గర పోగులు వదులై ఆ చెయ్యి పలచబడుతుంటే, నా పిడికిలి మెల్లగా తనంతట తనే మూసుకుపోయింది.