తొమ్మిది కిలోమీటర్ల పక్కదారి

భార్య తన అక్క ఇంటికి పోలేకపోయిందంటే తప్పు కంపెనీదే. లారీ డ్రైవరు ఆ సంగతి ఎప్పుడో తేల్చేసుకున్నాడు. తక్కువ డీజిలుతో ఎక్కువ దూరం నడిపినవాడి ఫొటో ఆఫీసు గోడకు అంటించమని వాళ్లకు ఎవరు చెప్పారు? పదకొండేళ్లుగా ఆ గోడ మీద అతని ముఖమే ఉంది.

పొద్దున్నే టైర్లలో గాలి చూసుకునేవాడు. బండి యాభై ఐదు దాటనిచ్చేవాడు కాదు, అంతకు తగ్గితే ప్రాణం విలవిల్లాడేది. టోల్‌గేటు అల్లంత దూరాన ఉండగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేవాడు. ఆపి మళ్లీ లాగితే బండి డీజిలును మంచినీళ్లలా తాగుతుందనేవాడు.

పిల్లలు లేరు. ఇంట్లో ఒక్కతే ఉండలేక భార్య అప్పుడప్పుడూ క్యాబిన్‌లో ఎక్కి కూర్చునేది. హైవే మీద పెట్రోలు బంకు దాటాక ఎడమకు ఒక రోడ్డు చీలుతుంది. అటు తొమ్మిది కిలోమీటర్లు పోతే ఆమె అక్క ఇల్లు.

"ఒక్కసారి అటు తిప్పవయ్యా. గ్లాసుడు నీళ్లు తాగి వచ్చేద్దాం."

"తొమ్మిది పోను, తొమ్మిది రాను. ఆ గ్లాసుడు నీళ్లకి ఎంత డీజిలో తెలుసా?"

"లారీకి కడుపు మాడుస్తావు సరే, నాకు రెండు పూటలా పెడుతున్నావు. అదే పదివేలు."

"వచ్చే ట్రిప్పుకి చూద్దాంలే."

చూడలేదు. ఆ మలుపు రాగానే ఆమె కిటికీ అద్దం దించేది. గాలి బండిని వెనక్కి లాగుతుందని అతను కసిరేవాడు.

జ్వరం వచ్చి మూడు రోజుల్లో ఆమె పోయింది. అంత్యక్రియలకు అక్క వచ్చింది గాని అతనితో మాట్లాడలేదు.

నాలుగు నెలలకు, భార్య చీరల సంచి ఇచ్చి వద్దామని, సరుకుతో ఉన్న బండిని అతను ఎడమకు తిప్పాడు. గతుకుల దారి అనుకున్నాడు, తీరా చూస్తే నున్నటి తారురోడ్డు.

వదిన సంచి అందుకుని గ్లాసుతో నీళ్లిచ్చింది. కూర్చోమనలేదు.

"దారి తెలుసన్నమాట నీకు."

"తెలియక కాదొదినా. డీజిలు..."

"విన్నాలే మరిదీ. మీరు బయల్దేరేముందు అది ఫోన్ చేసేది. నేను ఆటోలో వచ్చి ఆ మలుపు దగ్గర నిలబడేదాన్ని. అది కిటికీలోంచి చెయ్యి ఊపేది, నేనూ ఊపేదాన్ని. అంతే మా చూపులు."

అక్కడ నిలబడే మనిషి అతనికి గుర్తుంది. బస్సు కోసం వచ్చిన ఎవరో ముసలావిడ అనుకునేవాడు.

"నాతో అననే లేదు. చెబితే ఆపేవాణ్ణిగా."

"నేనూ అదే అన్నాను. ఆపితే ఇక రోజంతా ఆయన మొహం చూడలేనక్కా, పోనీలే అంది. కాస్త నెమ్మదిగానైనా పోతావేమోనని ప్రతిసారీ చూసేదాన్ని."

అతను గ్లాసు కింద పెట్టేశాడు. నీళ్లు తాగలేదు. తిరుగుదారిలో ఎప్పట్లాగే కంపెనీని తిట్టుకోబోయి మానేశాడు.

మర్నాడు మేనేజరు పిలిచి, బండి తిరిగిన దారి చూపే తెర మీద వేలు పెట్టాడు.

"ఏంటి బాబాయ్, ఈ పద్దెనిమిది కిలోమీటర్లు? నువ్వు కూడా దారి తప్పావా?"

"రాసుకోండి."

"ఏమని రాయను?"

"మీ ఇష్టం. దాని గురించి మాత్రం నన్నడగొద్దు. ఇవాళే కాదు, ఎప్పుడూ."

మేనేజరు ఇంకోసారి అడిగాడు. అతను తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. ఆ మాట ఇక ఎవరి దగ్గరా ఎత్తలేదు.