ఇంటిపేరు గడి సాక్ష్యం

నేను ఒక గడిని. సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకి, మాదాపూర్‌లో ఒక ఆఫీసు మూడో అంతస్తులో, నన్ను దొంగిలించింది ఎవరని ముగ్గురు మనుషులు ఒక బల్ల ముందు కూర్చుని పోట్లాడుకుంటున్నారు. సాయంత్రం ఆరు లోగా తేలకపోతే నేనూ, నా తోటి గడులూ కట్టగట్టుకుని పరాయి చేతుల్లోకి పోతాం. మళ్లీ వెనక్కి రాము.

గడి అంటే మీరు పత్రికల్లో నింపే గడి కాదు. పొలం ఎవరిదో చెప్పడానికి అడంగల్ ఉన్నట్టు, ఇంటర్నెట్‌లో వెబ్‌సైటు పేరు ఎవరిదో చెప్పడానికి ఒక రికార్డు ఉంటుంది. అందులో ఈమెయిల్‌కి ఒక గడి, ఫోన్ నంబరుకి ఒకటి, చిరునామాకి ఒకటి, గడువు తీరే తేదీకి ఒకటి. యజమాని పేరుకి మాత్రం రెండు. వాటిలో రెండోది నేను. ఇంగ్లిషులో నన్ను లాస్ట్ నేమ్ అంటారు. మన లెక్కలో ఇంటిపేరుని.

మా రికార్డు పేరు శేషారత్నంనర్సరీ డాట్ కామ్. యజమానురాలు మట్టపర్తి శేషారత్నం, కడియపులంకలో మొక్కల నర్సరీ. ఒళ్లో చేతిసంచి పెట్టుకుని, దాని జిప్పు లాగుతూ మూస్తూ బల్లకి ఎడమవైపు కూర్చున్నది ఆవిడే. పక్కన ఆమె భర్త తమ్ముడు ఆదిబాబు. పోయినేడు వాటాలు పంచుకుని, గట్టు అవతల సొంత నర్సరీ పెట్టుకున్నాడు. అయినా విషయం తెలియగానే తనే కారు నడుపుకుంటూ ఆమెను హైదరాబాదు తీసుకొచ్చాడు. మూడో మనిషి జోసెఫ్. రాజమండ్రిలో వెబ్‌సైట్లు తయారుచేసే షాపు అతనిది. పద్నాలుగేళ్ల కిందట ఈ పేరు రిజిస్టరు చేసింది అతనే.

ఎదురుగా ఉన్నది మంజుల. కరీంనగర్ మనిషి. వెబ్‌సైటు పేర్లు రిజిస్టరు చేసే ఈ కంపెనీలో పేర్ల తగాదాలు తేల్చే ఉద్యోగం.

"ఇంకా ఏంటండీ ఆలోచిస్తారు మేడమ్‌గారూ?" అన్నాడు ఆదిబాబు. "పెదపూడి జోసెఫ్ అని రాసేయండి. అసలా పాస్‌వర్డు పుట్టించిందే ఈయనండి."

"తాళం చేసినోడే ప్రతి ఇంట్లోనూ దొంగ అంటే ఎలాగండి ఆదిబాబుగారూ?" అన్నాడు జోసెఫ్. "ఆ పాస్‌వర్డు ఆఫీసులో క్యాలెండరు మీద రాసుంటుందండి. గులాబీ మొక్క కొనుక్కోడానికి వచ్చినోళ్లు కూడా చదువుకుని పోతారు."

"పన్నెండో తారీకున నర్సరీ ఆఫీసులో కెమెరా బాగుచేస్తానని వచ్చింది మీరు కాదూ?"

"వచ్చానండి. బాగుచేశానండి. టీ ఇచ్చారు, తాగానండి. అది కూడా రాయించమంటారా?"

మంజుల చెయ్యెత్తింది. "జర ఆగుండ్రి. ఇది పంచాయితీ కాదు."

వాళ్లు ఆగారు. ఈ సందులో నా సంగతి చెబుతాను, నాకు చెప్పుకోవడం ఇష్టం.

నన్ను పడమటి దేశంలో ఎవరో ఇంజనీరు తయారుచేశాడు. లోకంలో ప్రతి మనిషికీ సొంత పేరు ముందు, వంశం పేరు చివర ఉంటాయని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే నాకు చివరిది అని పేరు పెట్టాడు. అరవై నాలుగు అక్షరాలు పట్టేంత చోటిచ్చాడు. నన్ను ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలకుండా చేశాడు. గోదావరి జిల్లాలో ఇంటిపేరు ముందు నడుస్తుందని పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు. అందుకని మన వాళ్ల చేతుల్లో నా జాతి పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒకాయన నాలాంటి గడిలో చుక్క పెట్టి ఊరుకున్నాడు. ఇంకొకాయన బీకాం అని రాశాడు. ఒక పెద్దమనిషి, చివరి పేరు అడుగుతున్నారు కదా అని, తన కొడుకుల్లో ఆఖరివాడి పేరు రాశాడు.

నాలోకి మొదట వచ్చిన మాట రత్నం. జోసెఫ్ ఫోనులో "మీ పేరులో చివరిదేంటండి అమ్మగారూ?" అని అడిగాడు. "చివరిదా? రత్నం" అంది ఆవిడ. ఇద్దరిదీ తప్పు లేదు. రెండేళ్ల తర్వాత నర్సరీ ఆఫీసులో చేరిన కంప్యూటరు ఆపరేటరు, యజమానురాలి పేరు అలా బోడిగా ఉండడం మర్యాద కాదని రత్నాన్ని మొదటి గడిలోకి జరిపి నాలో గారు అని రాశాడు. నాలుగేళ్ల పాటు నేను గారు అనే ఇంటిపేరుతో బతికాను. అమెరికా నుంచి వచ్చే నోటీసులన్నీ డియర్ మిస్ గారు అని మొదలయ్యేవి. తర్వాత ఒక రోజు గుర్తింపు కార్డుతో సరిచూడాలని కబురొచ్చింది. రత్నమ్మ స్వయంగా కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి వెతికి, ఒంటి వేలితో మట్టపర్తి అని కొట్టింది. ఆ రోజు నేను నిండాను. అప్పటికి ఆ పేరు మీద పన్నెండు రాష్ట్రాలకి మొక్కలు వెళ్తున్నాయి. అంట్లు కట్టే నలభై మంది ఆడవాళ్ల పని ఆ పేరు మీదే నడుస్తోంది.

గడువు తేదీ గడికి మా అందరిలో పొగరెక్కువ. ఏడాదికోసారి అందరూ వచ్చి దాన్నే చూస్తారు. ఈమెయిల్ గడి సంగతి చెప్పనే అక్కర్లేదు. నన్ను ఎవరూ చూడరు. కానీ నాకొక గొప్ప ఉంది. నాలో ఏ మాట తుడిచినా, ఏ మాట రాసినా, తేదీ, గంట, నిమిషంతో సహా పక్క పట్టికలో పడుతుంది. వేళ్లు ఎవరివో నాకు కనబడవు. అక్షరాలు మాత్రం ఒక్కటీ పోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పన్నెండో తారీకున ఎవరో మా రికార్డు తెరిచారు. ఈమెయిల్ గడిలో ఉన్న చిరునామా తీసేసి, ఒకే ఒక అక్షరం తేడాతో అలాంటిదే ఇంకొకటి పెట్టారు. పేరు వేరే చోటికి పోకుండా ఆపే బదిలీ తాళం తీశారు. పేరు ఇంకో కంపెనీకి మార్చమని దరఖాస్తు పెట్టారు. హెచ్చరికలన్నీ ఆ దొంగ ఈమెయిల్‌కే పోయాయి. నిన్న నాగపూర్ నుంచి ఒక పాత ఖాతాదారు ఫోను చేసి, "అమ్మా, మీ సైటు ఇంకొకరికి మారిపోతోందని చూపిస్తోంది, అమ్మేశారా?" అని అడిగేదాకా రత్నమ్మకి సంగతే తెలియదు. అభ్యంతరం చెప్పడానికి ఐదు రోజులే గడువు. ఈరోజు ఐదోది.

"చూడుండ్రి అమ్మా," అంది మంజుల. "పాస్‌వర్డ్ కరెక్టే కొట్టిండ్రు. ఓటీపీ మీ ఫోనుకే వచ్చింది, అదీ కరెక్టే. ఇంటర్నెట్ మీ నర్సరీ వైఫై. మా మేనేజర్ ఏమంటడంటే, ఇదంతా ఆమెనే చేసి, ఇప్పుడు మనసు మార్చుకున్నదేమో అంటున్నడు."

"నేనెందుకు చేస్తానండీ!" రత్నమ్మ గొంతు పైకి లేచింది. "పద్నాలుగేళ్లండి. నా పేరండి అది. రేపు దాన్ని కొట్టి చూస్తే ఇంకొకళ్ల మొక్కలు కనబడితే, మా ఆడోళ్లకి ఏం చెప్పమంటారు?"

"ఆ రోజు మీ ఫోను ఎక్కడుంది?"

"ఆఫీసు బల్ల మీదేనండి. అంట్ల దగ్గరికి మట్టి చేతులతో వెళ్తాను కదా, ఫోను పట్టుకుని పోను."

"అదే చెబుతున్నానండి," అన్నాడు ఆదిబాబు. "బల్ల పక్కనే కూర్చుని కెమెరా బాగుచేశాడు ఈయన, నేనూ అక్కడే ఉన్నానండి. ఇంకా ఏం కావాలండీ మీకు?" అంతలో అతని ఫోను మోగింది. నంబరు చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడే వస్తానండి" అంటూ తలుపు తోసుకుని వరండాలోకి వెళ్లాడు.

మంజుల కంప్యూటరు వైపు తిరిగింది. నిన్న ఫిర్యాదు అందగానే ఈ ఫైలు మొదట పుణె ఆఫీసుకి వెళ్లింది. అక్కడి ఉద్యోగి అన్ని గడులూ శ్రద్ధగానే చూశాడు. నా పట్టిక కూడా చూశాడు. చూసి కింద ఒక మాట రాశాడు. మంజుల ఆ మాటని పైకి చదివింది: "ఖాతాదారు ఇంటిపేరు పన్నెండో తేదీన వదిన నుంచి మట్టపర్తికి మారింది. వివాహం వల్ల కావచ్చు. ఇందులో అనుమానించదగింది లేదు."

చదివి ఆగింది. మళ్లీ చదివింది. తర్వాత పగలబడి నవ్వింది. పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూశారు.

"ఏమైందండీ?" అన్నాడు జోసెఫ్.

"వదిన అంట. ఇంటిపేరు వదిన అంట! ఆయనకేం తెలుసు, తెలుగు రాదాయె." ఆమె నా పట్టికను తనే తెరిచింది. రత్నం. గారు. మట్టపర్తి. పన్నెండో తేదీ పగలు పదకొండు ఇరవై రెండుకి, వదిన. పదకొండు ఇరవై నాలుగుకి, మళ్లీ మట్టపర్తి.

ఆ రెండు నిమిషాలు నాకు బాగా తెలుసు. అంతకుముందు ఎప్పుడూ నాలోకి అలాంటి మాట రాలేదు. ఒంటి వేలితో కొట్టినట్టు ఒక్కో అక్షరం రాలేదు, మాటంతా ఒక్కసారిగా దబ్బున వచ్చి పడింది. ఎవరు ఎవరిని అలా పిలుస్తారో గడికి ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా అది పట్టికలో భద్రంగా ఉందని.

మంజుల నవ్వు ఆపింది. "జోసెఫ్‌గారూ, మీ ఫోన్ల ఈ అమ్మ నంబరు ఏమని పెట్టుకున్నరు? చూపియ్యిండ్రి."

జోసెఫ్ ఫోను తీసి చూపించాడు. రత్నమ్మగారు నర్సరీ అని ఉంది.

"అగో. ఫోన్ల ఫారం నింపితే, పేరు దగ్గర అదే అడుగుతది, నింపాల్నా అని. సరే అని నొక్కితే, నంబరు ఏ పేరుతోని దాచుకున్నరో అదే వచ్చి గడుల పడుతది. రత్నం మొదటి గడిల పడ్డది. వదిన రెండో గడిల పడ్డది. చూసుకోకుంట సేవ్ కొట్టిండ్రు. రెండు నిమిషాలకు చూసుకుని సరిచేసిండ్రు." కుర్చీ రత్నమ్మ వైపు లాక్కుంది. "మీరే చేస్తే మిమ్ముల మీరు వదిన అనుకోరు కదా. మీరు చేయలేదని తేలిపోయింది. ఇగ చెప్పుండ్రి, మిమ్ముల వదినా అని పిలిచేదెవరు? ఆడబిడ్డలున్నరా?"

"ఆడపడుచులా? లేరండి. మా అత్తగారికి ఇద్దరూ మగపిల్లలే."

"మీ తమ్ముని భార్య?"

"నాకు అన్నదమ్ములు లేరండి. నలుగురం ఆడపిల్లలమే, అందరిలోకీ చిన్నదాన్ని నేనే."

"మేనమామ పిల్లలు? మేనత్త పిల్లలు?"

"మేనమామలు లేరు. మేనత్త కొడుకు ఒకడున్నాడండి, దుబాయ్‌లో. నాకంటే పెద్దోడు, రత్నం అనే పిలుస్తాడు."

"ఊర్ల వాళ్లు?"

"ఊరందరికీ నేను రత్నమ్మక్కనండి. చిన్నపిల్లలకి రత్నమ్మత్తని. పనిలోకి వచ్చేవాళ్లకి అమ్మగార్ని. వదినా అని పిలిచేది..."

చేతిసంచి జిప్పు ఆగిపోయింది. జోసెఫ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు గర్వంగా ఉంది, దాచుకోవడం దేనికి? ఈమెయిల్ గడిని మోసం చేశారు. ఫోను గడిని మోసం చేశారు. తాళం గడి నోరెత్తలేదు. ఎవరూ పట్టించుకోని నేను, రెండు నిమిషాల పాటు మోసిన ఒక్క మాటతో నా యజమానురాలిని గెలిపించాను.

మంజుల అభ్యంతరం ఫారం తెరిచింది. గబగబా నింపుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది. ఆ గడి మీద 'అనుమతి లేకుండా మార్పు చేసిన వ్యక్తి' అని ఉంది.

"ఆ గడి వదిలేస్తే కాదాండీ?" అంది రత్నమ్మ.

"కాదమ్మా. ఖాళీగ పెడితే తీసుకోదు. పేరు రాస్తే ఇది ఇక్కడనే ఆగిపోతది, కానీ పోలీసుల దాంక పోతది. ఇప్పుడు ఐదు నలభై."

రత్నమ్మ కూతురి పెళ్లిలో పనులన్నీ ఆదిబాబే చూసుకున్నాడనీ, భర్తకి గుండెనొప్పి వస్తే రాత్రికి రాత్రి కాకినాడ తీసుకెళ్లింది అతనేననీ నాకెలా తెలుస్తుంది? ఆవిడే మంజులతో చెప్పింది కాబట్టి విన్నాను. చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఐదు నలభై ఆరు.

"అమ్మగారూ," అన్నాడు జోసెఫ్ మెల్లగా, "నా పేరు రాసేయండి. తర్వాత నా తిప్పలేవో నేను పడతానండి. నర్సరీ పేరు మాత్రం మీ చేతిలోంచి పోకూడదు."

ఆవిడ తలెత్తి అతని వంక చూసింది. మనుషుల గురించి నేను అంతవరకూ కాస్త వెటకారంగానే మాట్లాడాను. ఆ నిమిషంలో మాత్రం ఆ వెటకారం పక్కన పెట్టాను.

తలుపు తెరుచుకుంది. ఆదిబాబు ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

"అయిందా వదినా? రాసేశారా ఆ జోసెఫ్ పేరు?"

మంజుల వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. రత్నమ్మ లేచి నిలబడింది. అతని వైపు తిరగలేదు. మంజులనే చూస్తూ, అంతస్తంతా వినబడేలా అంది:

"రాయండమ్మా. మా మరిది. మట్టపర్తి ఆదిబాబు."