తొలి పడవలో హిల్కే

తెల్లారేసరికి జర్మన్లు కాలువ మీది వంతెన పేల్చేసి, ఊళ్లో ఉన్న సైకిళ్లన్నీ ఎత్తుకుని తూర్పు దారి పట్టారు. ఆ సంగతి అవతలి గట్టున దిగిన కెనడా సైన్యానికి తెలియదు. శత్రువులు ఇంకా ఊళ్లోనే ఉన్నారనుకుని ఫిరంగి పేల్చారు. పాల ఫ్యాక్టరీ పొగగొట్టం ఫెళ్లున విరిగిపడింది.

ఆ సమయానికి మంత్రసాని హిల్కే చర్చి నేలమాళిగలో రింస్కే నడుము నిమురుతోంది. తొలి కానుపు. నొప్పులు ఇంకా సాగుతూనే ఉన్నాయి. పైకప్పు సున్నం పొడిపొడిగా రాలి ఆ పిల్ల పొట్ట మీద పడింది.

"ఇంకోటి పడితే ఈ కప్పు ఆగదు" అంటూ లేచింది హిల్కే. రింస్కేని ఆమె అత్తకు అప్పజెప్పి, కాన్పు కోసం తెచ్చిన తెల్ల దుప్పటి చంకన పెట్టుకుంది.

మెట్ల దగ్గర మరిది దౌవె అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి వదినా?"

"అవతలి గట్టుకి. మనల్ని కాపాడ్డానికి వచ్చినవాళ్లే మన నెత్తిన గుండ్లేస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"గోపురం మీద తెల్లగుడ్డ కట్టాను కదా!"

"కట్టావులే. ఈ పొగలో అది నీకే కనపడదు, వాళ్లకేం కనపడుతుంది?"

"కాల్చేస్తారు వదినా, ఆడమనిషని కూడా చూడరు."

"నా అంత ఒళ్లున్న జర్మన్ సిపాయిని ఎప్పుడైనా చూశావా? వాళ్లకీ కళ్లుంటాయి. తప్పుకో."

దౌవె తప్పుకోలేదు. గొణుక్కుంటూనే ముందు నడిచి, గడ్డి మోసే పడవ విప్పి, గెడ పట్టుకున్నాడు.

సగం కాలువ దాటారో లేదో, ఒక తూటా నీళ్లు చిమ్మించింది. దౌవె పడవలో బోర్లా పడ్డాడు. హిల్కే మాత్రం లేచి నిలబడి, దుప్పటి రెండు చేతులా విప్పి పట్టుకుంది.

"కూర్చో వదినా!"

"కూర్చుంటే మూటలా ఉంటాను. నిలబడితేనే మనిషినని తెలుస్తుంది. నువ్వు గెడ వెయ్యి."

మరో తూటా రాలేదు.

గట్టు మీద బురద అంటుకున్న మొహాలు, తుపాకులు. ఆఫీసరు ఏదో అడిగాడు. ఆమెకు ముక్క అర్థం కాలేదు. ఇంతలో ఎర్రజుట్టు సిపాయి ఒకడు ముందుకొచ్చాడు. వాడి నాయనమ్మది ఈ దేశమేనట. చిన్నప్పుడు ఆవిడ నేర్పిన మాటలే తప్ప వాడికి ఇంకేమీ రావు.

"నాయనమ్మా, చెడ్డవాళ్లు ఉన్నారా?" అన్నాడు చంటిపిల్లాడిలా.

ఆ పరిస్థితిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. "పోయార్రా నాయనా, ఒక్కడూ లేడు. ఫిరంగి ఆపమను."

వాడు ఆఫీసరుతో మాట్లాడి తిరిగొచ్చాడు. "మోసమేమో అంటున్నాడు."

"అయితే మీరు దాటే మొదటి పడవలో ముందు నేను కూర్చుంటానని చెప్పు. మోసమైతే తొలి తూటా నాకే."

ఆఫీసరు ఆమె మొహంలోకి కాసేపు చూసి, రేడియోలో ఏదో చెప్పాడు. ఫిరంగులు మూగబోయాయి.

"భయం లేదా అని అడుగుతున్నాడు" అన్నాడు ఎర్రజుట్టువాడు.

"ఎందుకు లేదూ? నేను ఇక్కడుంటే అక్కడ బిడ్డ అడ్డం తిరుగుతుందేమోనని. త్వరగా కానివ్వండి!"

పడవలు ఇవతలి గట్టుకు చేరగానే నేలమాళిగల్లోంచి జనం ఒక్కుమ్మడిగా బయటికొచ్చారు. ఎక్కడ దాచారో ఏమో, అందరి గుండెల మీదా జర్మన్లు నిషేధించిన తమ రాజవంశపు నారింజరంగు రిబ్బన్లు! ఆడపిల్లలు సిపాయిలను కౌగిలించుకున్నారు. హిల్కే ఆ గుంపును మోచేతులతో తోసుకుంటూ మెట్లు దిగిపోయింది. దుప్పటి తడిసిందని రింస్కే అత్త సణిగింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. గట్టి గొంతు.

చేతులు కడుక్కుని హిల్కే పైకి వచ్చేసరికి, దౌవె చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. "పద వదినా, ఏమైతే అయింది అన్నాను నేను!" అంటున్నాడు. ఎర్రజుట్టువాడు తెల్లటి రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టాడు. అంత తెల్ల రొట్టె చూసి ఎన్నేళ్లయిందో! కొరకబోయి ఆగింది.

"దౌవె, కబుర్లు చాలుగానీ, జర్మన్లకు దొరక్కుండా నువ్వు దాచిన వెన్న పట్రా. ఈ కుర్రాడు కూడా తింటాడు."