మధ్య సీటు కొలత

మంజుల పదహారేళ్లుగా శంషాబాద్ బస్టాండు వెనక సందులో జాకెట్లు కుడుతోంది. మనుషుల మాట కంటే టేపు మాట మీదే ఆమెకు నమ్మకం. అందుకే కారు కొందామని ఇంట్లో అనుకున్నాక, భర్త జగదీశ్ ఇంజను గురించీ మైలేజీ గురించీ పదిమందినీ అడుగుతుంటే, ఆమె మాత్రం టేపును చేతిసంచిలో వేసుకుని బయలుదేరింది.

కారు అవసరం అత్త దుర్గవ్వ వల్ల వచ్చింది. తుంటి ఆపరేషన్ అయ్యాక వారానికి రెండుసార్లు ఆమెను బుద్వేల్‌లో కాలికి కసరత్తు చేయించే దవాఖానకు తీసుకెళ్లాలి. ఆటో గుంతలో పడినప్పుడల్లా ఆమెకు ప్రాణం పోయినంత పనవుతోంది. ముందు సీట్లో కూర్చుంటే లారీలు మీదికొస్తున్నట్టు కళ్లు తిరుగుతాయి. కాబట్టి వెనక సీటే గతి. ఆమెను ఆనుకుని మంజుల, అటు చివర పన్నెండేళ్ల కూతురు మనీషా, ముగ్గురూ పట్టాలి.

ఆరాంఘర్ దాటాక హైవే పక్కన రాఘవేందర్ పాత కార్లు అమ్ముతాడు. ఆదివారం పొద్దున నలుగురూ అక్కడికి వెళ్లారు. వాళ్ల స్తోమతకు రెండు కార్లు అందేలా ఉన్నాయి. ఒకటి తెల్లది, ఎత్తుగా, వెడల్పుగా ఉంది. రెండోది బూడిద రంగుది, చిన్నది.

"తెల్లది తీస్కో అక్కా. లోపల హాలు లెక్క ఉంటది," అన్నాడు రాఘవేందర్.

మంజుల టేపు తీసింది. తెల్లకారు వెనక సీటు యాభై రెండు అంగుళాలు. బూడిద కారుది నలభై ఎనిమిది. మోకాళ్ల ముందు తెల్లదానిలో జానెడు చోటుంది, బూడిద దానిలో బెత్తెడే. తర్వాత ఇంటి మనుషులను కూర్చోబెట్టి కొలిచింది. అత్త పదిహేడు, తను పదహారు, మనీషా పద్నాలుగు. మొత్తం నలభై ఏడు.

"చిన్నదాంట్ల ఒక్క అంగుళమే మిగుల్తది. గాలి గూడ ఆడదు," అంది.

నడిపి చూద్దామని ముందు తెల్లకారు ఎక్కారు. గడప ఎత్తుగా ఉండటంతో జగదీశ్ తల్లిని చంకల కింద పట్టుకుని ఎక్కించాడు. సీటు పొట్టిది కావడంతో తొడలకు ఆనలేదు. నడుము దగ్గర కర్రలా ఏదో ఒత్తుతోందంది దుర్గవ్వ. మలుపు వచ్చినప్పుడల్లా తలుపు మీదికి ఒరిగిపోయింది.

"పెద్దగుంటే ఏంది బిడ్డా, గోనెసంచి లెక్క దొర్లుతున్న," అంది దిగుతూ.

తర్వాత బూడిద కారు. దుర్గవ్వ ఎడమ తలుపు దగ్గర, పక్కన మంజుల, కుడి తలుపు దగ్గర మనీషా కూర్చున్నారు. జగదీశ్ శంషాబాద్ వైపు పోనిచ్చాడు. దిగబోతున్న విమానం ఒకటి రోడ్డు మీదుగా నీడను ఈడ్చుకుంటూ వెళ్లింది. ఎవరూ ఇరుక్కోలేదు. దుర్గవ్వ ముఖంలో నొప్పి లేదు. కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి తీసుకుంటోంది.

అప్పుడు మంజుల పక్కకు చూసింది. తనకూ అత్తకూ మధ్య చోటు ఖాళీగా ఉంది. మనిషి కూర్చునేంత చోటు.

"అత్తమ్మా, జర ఇటు జరుగు," అంది.

"ఇంకేడికి జరగాలె? నిన్ను ఆనుకునే ఉన్న గద," అంది దుర్గవ్వ, కళ్లు తెరవకుండానే.

మంజుల టేపు తీసి ఆ ఖాళీని కొలిచింది. పదమూడు అంగుళాలు. నలభై ఏడుకు పదమూడు కలిపితే అరవై. సీటు నలభై ఎనిమిదే. మళ్లీ కొలిచింది. మళ్లీ పదమూడే.

జగదీశ్ వంతెన కింద బండి మలిపాడు. ఆ ఊపుకు మంజుల చెయ్యి దానంతటదే ఖాళీ చోటు వెనకగా వెళ్లి, పడబోయేదాన్ని పట్టుకున్నట్టు ఆగింది. వేళ్లకు నూలుచీర తగిలింది. దాని కింద సన్నటి భుజపు ఎముక. వేలమంది భుజాలు కొలిచిన చెయ్యి అది. ముసలి భుజమని, ఎడమది కుడిదాని కంటే బాగా కిందికి జారి ఉందని ఆ చేతికి తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి భయమేసింది. తీస్తే ఆ మనిషి పడిపోతుందేమోనని భయం.

రాఘవేందర్ దగ్గరికి తిరిగొచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఇదే కావాలె. ఆపరేషన్ అయినంక ఇంత సుఖంగ ఎన్నడు కూసోలె," అంది దుర్గవ్వ. జగదీశ్ కూడా సరేనన్నాడు.

మంజుల మళ్లీ కారులోకి ఒంగింది. ముందు అరలో ఉన్న సర్వీసు పుస్తకం తీసింది. మొదటి పేజీలో పాత యజమాని పేరు, నంబరు ఉన్నాయి. హరిప్రసాద్, కొత్తూరు. రేకుల షెడ్డు వెనక్కి వెళ్లి ఫోన్ చేసింది.

"అన్నా, మీ బూడిద రంగు కారు కొందామని చూస్తున్న. ఎన్క సీట్ల ఎవరు కూసునేటోళ్లు?"

అవతలి నుంచి హరిప్రసాద్ చెప్పాడు: "మా అమ్మ. అనంతమ్మ. పక్షవాతమొచ్చింది, నిటారుగ కూసోలేకపోయేది. ఓ దిక్కు నా భార్య, ఓ దిక్కు మా చెల్లె పట్టుకునేటోళ్లు. పోయిన మాఘంల పోయింది. ఎందుకడుగుతున్నవు?"

"ఎడమ భుజం కిందికుంటదా?"

"నీకెట్ల తెలుసు?"

మంజుల చెప్పింది. తను పిచ్చిదానిలా వినిపిస్తున్నానని తెలిసే, టేపులో చూసిన అంకెలతో సహా చెప్పింది.

"అమ్మ పోయినంక గూడ మావోళ్లిద్దరు అంచులకే కూసునేటోళ్లు," అన్నాడు హరిప్రసాద్ మెల్లగా. "నడుమకు జరగరాకపోయేది. అలవాటనుకున్నం. చూడలేక అమ్మేసిన."

"మాకు అలవాటు లేదు గద అన్నా."

గంటలో అతను చెల్లెలు కళ్యాణిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేరుగా వెళ్లి కారు వెనక తలుపు తెరిచాడు. కళ్యాణి ఎక్కి ఒక అంచున కూర్చుని చెయ్యి చాపింది. చాపిన చెయ్యి సీటు మీద వాలలేదు. గాల్లోనే, దేన్నో చుట్టుకున్నట్టు ఆగింది. ఆమె తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. హరిప్రసాద్ ఒంగి, మధ్య సీటు బెల్టు లాగి పెట్టాడు. బెల్టు సీటుకు అంటుకోలేదు. సన్నటి మనిషి ఒంటి చుట్టూ ఉన్నట్టు ఎత్తుగా, వంపు తిరిగి నిలబడింది. బెల్టు మెల్లగా పైకి లేవడం, కిందికి దిగడం మంజుల చూసింది.

రాఘవేందర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అన్నా, నీ బండి నువ్వు తీస్కపో. నాకొద్దు," అన్నాడు. బేరం మాటే రాలేదు.

దుర్గవ్వకు సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కర్ర ఆనించుకుంటూ కారు దగ్గరికి నడిచి, కిటికీలోంచి కళ్యాణితో అంది: "ఎడమ దిక్కు శాన ఒరుగుతున్నది బిడ్డా. దిండు పెట్టుండ్రి."

వాళ్లు తెల్లకారే కొన్నారు. మంజుల సీటుకు తొడల కింద ఎత్తుగా, నడుము దగ్గర మెత్తగా దూది కూరి కవరు కుట్టింది. గడప ఎక్కడానికి జగదీశ్ ఒక చిన్న పీట చేయించాడు. మొదట సణిగినా దుర్గవ్వ సర్దుకుంది. సీటును మంజుల మళ్లీ కొలవలేదు. యాభై రెండు అంగుళాలే ఉండి ఉంటుందని ఊరుకుంది.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం శంషాబాద్ పెట్రోలు బంకులో ఆ బూడిద కారు వాళ్ల పక్కనే వచ్చి ఆగింది. హరిప్రసాద్ దిగి, మంజులను చూసి తల ఊపాడు. వెనక సీట్లో రెండు అంచుల్లో కళ్యాణి, ఇంకొకామె కూర్చున్నారు. అతని భార్యే అయ్యుంటుంది. ఆమె కొంగు చాపి, సీటు నడుమ పడుతున్న ఎండకు అడ్డం పెట్టింది.

దుర్గవ్వ కిటికీ అద్దం దించి అటే చాలాసేపు చూసింది. బండి కదిలి కొత్తూరు వైపు వెళ్లిపోయాక వెనక్కి జారగిలబడింది.

"నడుమ కూసున్నామె జర ఒళ్లు చేసింది," అంది తృప్తిగా. "మంచిగనే చూస్కుంటున్నరు."